సగం లేచిన చెయ్యి

ఇందుమతి చెయ్యి ఆ ఏడాది రెండు వేళ్ళ మందం లేచింది.

కంచె బయట బండ మీద కూర్చుని గంగరత్నం ఆ రెండు వేళ్ళ మందాన్నీ కళ్ళతోనే తడిమి తడిమి చూసుకుంది. పోయినేడు ఇదే కార్తీకంలో కూతురి మణికట్టు చుడీదారు మీద మూడో పువ్వు దగ్గర ఉండేది. ఇప్పుడు నాలుగోది దాటింది.

"నేను చెప్పలా? మనల్ని చూసే ఎత్తుతాంది చెయ్యి. టాటా చెప్పేదానికి," అంది మొగుడితో.

"ఊ," అన్నాడు ఓబుళేసు.

"ఊ ఏంది? నోరు తెరిస్తే ముత్యాలు రాల్తాయా నీకు?"

ఏడేళ్ళుగా ఆ చెయ్యి మాట వచ్చినప్పుడల్లా అతను ఊకొట్టి ఊరుకుంటాడు. ఆ చెయ్యి ఎందుకు లేస్తున్నదో లోకంలో తనొక్కడికే తెలుసని అతని నమ్మకం.

గాలిగుట్ట నెత్తిన నాలుగు గుడారాలనూ, వాటి నడుమ చలిమంటనూ మూసేసి, బోర్లించిన బానలాగా ఒక బుడగ ఉంది. అది గాజు కాదు, నీళ్ళూ కాదు. దగ్గుమందు సీసాలోంచి చూసినట్టు లోపలంతా గోధుమరంగు మసక. బయట మిట్టమధ్యాహ్నం. లోపల ఏడేళ్ళ కిందటి రాత్రి, ఎనిమిది గంటల పది నిమిషాలు. మంట నాలుకలు కాగితం కత్తిరించి నిలబెట్టినట్టు కదలకుండా ఉన్నాయి. పదకొండు మంది డిగ్రీ పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. అందులో తిప్పేస్వామి అనే పిల్లవాడు తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని ఉన్నాడు. నోటితో పట్టుకుందామని వాడు ఎగరేసిన శనక్కాయ విత్తనం ఒకటి ఏడేళ్ళుగా గాల్లో పైకి పోతూనే ఉంది. దానికోసం వాళ్ళ నాయన, కదిరిలో దర్జీ, అప్పు చేసి బైనాక్యులర్ కొన్నాడు.

చచ్చిపోలేదు వాళ్ళు. అదే వచ్చిన కష్టం. చచ్చిపోయి ఉంటే పదకొండిళ్ళ వాళ్ళూ ఏడ్చి, దినాలు చేసి, ఏదో ఒక పొద్దున మళ్ళీ కాఫీ తాగి ఉండేవాళ్ళు.

ఇందుమతి మంటకు దూరంగా, బుడగ అంచుకు పది అడుగుల లోపల నిలబడి ఉంది. మొహం దిగువకు, జనరేటర్ ఉన్న వైపుకు. కుడిచెయ్యి సగం లేచి ఉంది.

*

ఓబుళేసు ఆరో తరగతితో బడి మానేశాడు. మానేశాడనడం కూడా గౌరవంగా చెప్పుకునే మాట. లెక్కల అయ్యవారు ఒకనాడు చెవి మెలేసి బయట నిలబెడితే, ఆ నిలబడినవాడు అటే నడిచి ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డులో తేలాడు. ముప్పయ్యేళ్ళు వచ్చేసరికి సొంత జనరేటర్. కదిరి చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు, జాతరలకు, నాటకాలకు అతను అద్దెకు పెట్టేవాడు. అతని పేరుప్రతిష్ఠలన్నీ ఒక్క మాటలో ఉండేవి: ఓబుళేసు పెడితే లైటు రెప్ప కొట్టదు.

అదెట్లాగంటే, పందిట్లో ఎవరో నీళ్ళ మోటారు వేస్తారు. ఇంజను ఒక్కసారి బరువుగా ఊపిరి పీలుస్తుంది. లైట్లు మసకబారడానికి అరక్షణం పడుతుంది. ఆ అరక్షణంలోనే ఓబుళేసు చెయ్యి దానంతట అదే ఇంజను వేగం పెంచే రేస్ పిడి మీదికి పోయేది. పెళ్ళివారు తలెత్తి చూసేసరికి లైట్లు ఎప్పటిలాగే వెలుగుతూ ఉండేవి.

జనరేటర్ మోతలో మాట వినపడదు కాబట్టి ఆ పనిలో సైగలే భాష. పందిట్లోంచి లైట్ల మనిషి చెయ్యి పైకెత్తి నిలిపితే రేస్ పెంచమని. ఎత్తిన చెయ్యి తిప్పి, అరచేత్తో గాలిని కిందికి అదిమితే తగ్గించమని. ఇటువైపు వాడు అరచెయ్యి చెవికి ఆనిస్తే, అందింది అని. పెంచడానికీ తగ్గించడానికీ మొదలు ఒకటే, చెయ్యి లేవడం. అందుకని సైగ పూర్తయ్యేదాకా చూడాలి. ఈ పాఠాన్ని ఓబుళేసే కూతురికి నేర్పాడు, దానికి ఏడేళ్ళప్పుడు. పెళ్ళి పందిట్లో బల్ల ఎక్కి నిలబడి ఆ పిల్ల సైగలు చేస్తుంటే, పెళ్ళికూతుర్ని వదిలేసి జనం దీన్ని చూసేవాళ్ళు.

ఆ పిల్ల డిగ్రీ రెండో ఏడుకు వచ్చింది. వాళ్ళకు ఫిజిక్స్ చెప్పే సత్యవేణి మేడమ్ పదేళ్ళు కష్టపడి ఒక పెట్టె చేసింది. బియ్యం డబ్బా అంత ఉంటుంది. చుట్టూ రాగితీగ చుట్లు. దాంట్లో పొగలు కక్కే పాలగ్లాసు పెట్టి, కరెంటిచ్చి, పదకొండు రోజుల తర్వాత తీస్తే ఇంకా పొగలే. మీగడ కూడా కట్టలేదు. లోపల కాలం మెల్లగా నడుస్తుందని మేడమ్ అంది. పిల్లలు దానికి బద్ధకం పెట్టె అని పేరు పెట్టారు. ఐసు దొరకని తండాలకు టీకాలు చెడకుండా చేర్చాలనేది ఆమె ఆశ. ఊళ్ళో కరెంటు ఒకతీరుగా ఉండదు, పక్కన లారీ పోతే పెట్టె అదురుతుంది. అందుకని గాలిగుట్ట మీద ఒక రాత్రి క్యాంపు పెట్టి, అరగంటకొకసారి పిల్లలే వోల్ట్ మీటర్ ముల్లు చూసి రాసుకోవాలి అని ఏర్పాటు. జనరేటర్ ఎవరిది పెడదామంటే ఇందుమతి లేచి నిలబడిందట.

"నేనేం చెప్పినానో తెలుసా నాయనా?" అంది ఆ సాయంత్రం, కేబుల్ చుట్ట భుజాన వేసుకుని తండ్రి వెనకాలే గుట్ట దిగుతూ.

"ఏం చెప్పినావు?"

"మా నాయన పెడితే లైటు రెప్ప కొట్టదు మేడమ్, అని."

ఓబుళేసు విననట్టు గుడ్డపీలికతో ఇంజను తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

తిప్పేస్వామి జేబు నిండా ఉడకబెట్టిన శనక్కాయలు పోసుకుని వచ్చాడు. "మామా, మేడమ్ తో ఒక మాట చెప్పరాదూ? ఆ పెట్టెలో నన్ను కూచోబెట్టమను. పరీక్షలు అయిపోయినాక తీస్తే చాలు."

"నిన్ను పెడితే పెట్టెకే బద్ధకం వస్తాది, పోరా!" అంది ఇందుమతి. వాడి జేబులోంచి గుప్పెడు శనక్కాయలు లాక్కుని సగం తండ్రి చేతిలో పోసింది. తర్వాత ఫోనులో వాళ్ళమ్మతో గట్టిగా అరిచింది. "అమ్మా! ఉగ్గాని రెండింతలు చెయ్యి. మావోళ్ళు ఎగబడతారు. నువ్వు ఎనిమిదికల్లా ఈడుండాల."

అదే అతను దగ్గర్నుంచి విన్న ఆఖరి మాట.

ఎనిమిదయ్యింది. పైన పిల్లలు పాటలు అందుకున్నారు. మోతలో పాట వినపడదు గానీ చప్పట్లు కనపడుతున్నాయి. ఎనిమిదీ పదికి ఇంజను బరువుగా ఊపిరి పీల్చింది. లైట్లు మసకబారాయి. ఓబుళేసు తలెత్తాడు. గుట్ట అంచున కూతురు నిలబడి ఉంది. దాని చెయ్యి లేస్తోంది.

పెంచమంటోంది అనుకున్నాడు. ఇంకేమనుకుంటాడు, జీవితమంతా పెంచినవాడు? నలుగురిలో కూతురి మాట పోకూడదు. చెయ్యి సగం లేచేసరికే ఇతని చెయ్యి రేస్ మీద ఉంది.

ఇంజను రంకె వేసింది. పైన పెట్టె ఉన్న గుడారంలోంచి ఏదో గోధుమరంగుది పాలు పొంగినట్టు పొంగి, గుడారాలను, మంటను, పిల్లలను, వాళ్ళ చప్పట్లను కప్పుకుంటూ వచ్చి ఇందుమతికి పది అడుగుల ఇవతల ఆగింది.

అతను ఇంజను ఆపేశాడు. ఆపడం ఎంతసేపు? గుట్టంతా నిశ్శబ్దమైపోయింది. పైన మాత్రం ఏ మార్పూ లేదు. నోటుపుస్తకం కోసం కారు దగ్గరికి దిగిన సత్యవేణి మేడమ్, పైకి ఉరుకుతున్న అతని చొక్కా వెనకనుంచి రెండు చేతులతో పట్టుకుంది. చొక్కా చిరిగింది గానీ ఆమె వదల్లేదు.

గంగరత్నం అప్పుడే నెత్తిన క్యారియర్ తో రొప్పుతూ వచ్చింది. "ఏమే ఇందూ, ఇంత సద్దులేకుండా ఉండారు, నిద్రపోయినారా అప్పుడే?" అంది.

*

తెల్లారి ఒక మేకపోతు దారి తప్పి వచ్చి ఆ బుడగలో తల పెట్టింది. తల లోపల, ఒళ్ళు బయట. తలకు పోయిన నెత్తురు వెనక్కి రాలేదు. క్షణాల్లో ఒళ్ళు కుప్పకూలింది. లోపల దాని మొహం మాత్రం ఆకు కోసం చాచిన మూతితో, ఏమీ ఎరగనట్టు అట్లాగే ఉండిపోయింది. దాంతో లోపలికి పోయి పిల్లల్ని లాక్కొస్తామన్న తండ్రులంతా ఆగిపోయారు. సర్కారు వాళ్ళు కంచె వేశారు.

మొదటి గుడారం గుమ్మంలోంచి వోల్ట్ మీటర్ కనపడేది. దాని ముల్లు పడుతోందని ముందుగా కనిపెట్టింది ఓబుళేసే. అది అతని రోజువారీ పని కదా. అట్టముక్క మీద ముల్లు బొమ్మ గీసుకుని, నెలకొక గీత పెట్టి మేడమ్ కు చూపించాడు. ఆమె ఆ గీతల్ని రెండు రోజులు లెక్కగట్టి, పదకొండిళ్ళ వాళ్ళనూ కంచె దగ్గరికి పిలిచింది.

"కరెంటు ఆగింది. కానీ తీగచుట్లలో ఉన్న కరెంటు పూర్తిగా చచ్చేదానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లు లోపల జరుగుతున్నాయి," అంది. ఆమె గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "పిల్లలకు ఏమీ కాదు. ఒక్క వెంట్రుక కూడా నెరవదు. రెండు సెకన్ల తర్వాత ఇది విడిపోతుంది."

"అంటే ఎప్పుడు మేడమ్?" అడిగాడు దర్జీ.

"ఇరవయ్యారేళ్ళకు."

ఎవరూ ఏడవలేదు. ఒక ముసలామె మాత్రం వేళ్ళ మీద తన వయసుకు ఇరవయ్యారు కలుపుకుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

విచారణ జరిగింది. మేడమ్ అన్నీ తన మీద వేసుకుంది. ఉద్యోగం పోయింది, రెండేళ్ళు జైలు పడింది. జనరేటర్ మనిషిని ఒక్క ప్రశ్న అడిగారు, ఇంజను ఎప్పుడు ఆపావని. ఎప్పుడు పెంచావని ఎవరూ అడగలేదు. అడగనిదానికి ఓబుళేసు చెప్పలేదు. ఇంటికొచ్చి భార్యకు కూడా చెప్పలేదు. కూతురు పెంచమంది, నేను పెంచాను, అని తనకు తాను చెప్పుకున్నాడు. దాని మాటే కదా విన్నాను. ఆ ఒక్క ఊతం మీద పదేళ్ళు నడిచాడు.

*

నడిచాడు అంటే నడిచాడంతే. మళ్ళీ ఏ పెళ్ళికీ జనరేటర్ పెట్టలేదు. దాన్ని గుట్ట కింద ఆ రోజు పెట్టినచోటే ఉంచి, షెడ్డులో కూలికి పోయేవాడు. ఆదివారం ఆదివారం ఇద్దరూ గుట్టెక్కేవాళ్ళు. గంగరత్నం కంచె దగ్గర చేరి ఊరి సంగతులన్నీ కూతురికి చెప్పేది. "నీ జతగత్తె సుభద్రకు కవలపిల్లలే. ఒకడు నల్లగా, ఒకడు ఎర్రగా... మీ అత్త మళ్ళీ అలిగింది, ఈసారి నెయ్యి దగ్గర." కూతురు వింటున్నట్టే చెప్పేది. మధ్యమధ్యలో "నవ్వుతాందయ్యా, పెదాలు చూడు," అనేది.

ఎనిమిదో ఏడు నుంచి తండాల వాళ్ళు రావడం మొదలుపెట్టారు. లోపలి తల్లి చెయ్యెత్తి దీవిస్తోందని కంచెకు ముడుపులు కట్టారు, టెంకాయలు కొట్టారు. ఒకనాడు ఒకామె ఓబుళేసు కాళ్ళకే దండం పెట్టింది, తల్లిని కన్నావు నాయనా అని. అతను కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"దీవించేదానికి అదేమన్నా దేవతా? డిగ్రీ సెకండియర్," అన్నాడు కసిగా.

పదో ఏట ఆ చెయ్యి లేవడం ఆగింది. భుజం ఎత్తున నిలిచింది. ఓబుళేసు గుండె మీంచి బండ దిగినట్టయింది. నిలిచింది. అంటే పెంచమనే. తను చూసింది సరిగ్గానే చూశాడు. ఆ రాత్రి పదేళ్ళలో మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాడు.

పదకొండో ఏట బొటనవేలు లోపలికి వాలింది. మొదట నీడేమో అనుకున్నాడు. దర్జీ దగ్గర బైనాక్యులర్ అడిగి చూశాడు. వారం వారం చూశాడు. మణికట్టు తిరుగుతోంది. ఎండాకాలం పోయేసరికి అరచెయ్యి సగం నేలచూపు చూసింది. మళ్ళీ కార్తీకం వచ్చేసరికి పూర్తిగా బోర్లా తిరిగి, గాలిని అదమడానికి సిద్ధంగా ఉంది.

తగ్గించు నాయనా.

ఓబుళేసు బైనాక్యులర్ దర్జీకి ఇచ్చేసి బండ వెనక్కి పోయాడు. నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు. సైగ పూర్తయ్యేదాకా చూడాలని నేర్పిందెవడు? ఒక్క అరక్షణం. ఆ అరక్షణం ఆగి ఉంటే ఆ రాత్రి ఉగ్గాని తిని, తెల్లారి అందరూ ఇళ్ళకు పోయి ఉండేవాళ్ళు.

తిరిగి వచ్చేసరికి గంగరత్నం కంచె పట్టుకుని నిలబడి ఉంది. అతని ఉబ్బిన కళ్ళను చూసింది. తర్వాత, "చూసినావా, టాటా చెప్పేదానికి చెయ్యి ఎట్ల ఊపుతాందో," అంది.

"ఊ," అన్నాడతను.

*

పదమూడో ఏట గంగరత్నానికి రొమ్ములో గడ్డ తేలింది. అనంతపురం ఆసుపత్రిలో కోసి తీశారు. ఆరు నెలలకు గడ్డ మళ్ళీ వచ్చింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంట్లో మంచాన్ని గుట్ట కనపడే కిటికీ దగ్గరికి జరిపాడు. గుట్ట ఒక్కటే కనపడేది. అయినా ఆమె అటే తిరిగి పడుకునేది.

ఒక పొద్దున గంజి తాపిస్తుంటే ఆమె అతని చెయ్యి ఆపింది.

"పాప చెయ్యి యాడికొచ్చింది?"

"వస్తాంది. కిందికి దిగుతాంది." చెంచా గిన్నెలో పెట్టాడు. "ఊపుతాంది గదా, టాటాకు."

"ఇంక చాల్లేయ్యా," అంది గంగరత్నం. "నీ వెంట ఎన్ని పెళ్ళిళ్ళకు క్యారియర్ మోసినా నేను? తగ్గించమనే సైగ నాకు తెలీదా?"

అతని చేతిలో గిన్నె పక్కకు ఒరిగింది. గంజి దుప్పటి మీద ఒలికింది. ఇద్దరూ దాన్ని తుడవలేదు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"చెయ్యి తిరగబట్టినప్పుడే. నువ్వు బండ వెనకాలకి పోయి వచ్చినావు చూడు, కండ్లు ఉబ్బించుకోని. అప్పుడే అంతా తెలిసిపాయె."

"మరి టాటా అన్నావే?"

"నువ్వు ఇంటావని అన్నా. నాకు కూడా తెలుసునంటే, నువ్వు ఇంటికొచ్చి కూచునేదానికి నీడ యాడుంటాది?"

అతను ఆమె పాదాల మీద తల పెట్టాడు. చివరికి అడిగాడు. "నా మీద కోపం లేదా రత్నా?"

"ఉండాది," అంది. మెల్లగా, దాచకుండా అంది. "పోయేదాకా ఉంటాది. ఉంటే మాత్రం? నిన్ను యాడికని తోలేది?" కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ఇదో, ఒకటి ఇను. అది వచ్చేనాటికి నేనుండను. ఆకలి మీదుంటాది, క్యారియర్ తీస్కపో. ఆ చుట్టూ చేరిన జనాన్ని చూసి బెదురుతాది, దగ్గరుండు. ఇంగ..."

"చెప్పు."

"మళ్ళా తొందరపడొద్దు. అది ఏం అడిగినా, అడిగేది అయ్యేదాకా ఆగు. అప్పుడు చెప్పు."

ఆమె ఆ శుక్రవారం పోయింది.

*

దినాలు అయ్యాక ఓబుళేసు తిన్నగా సత్యవేణి మేడమ్ దగ్గరికి పోయాడు. జైలు నుంచి వచ్చాక ఆమె గుట్ట కిందే రేకుల గది వేసుకుని, రోజూ ఆ ముల్లును చూసి రాసుకుంటూ ఉండేది. ఆమెకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఉన్నదంతా ఆ బుడగలోనే ఉంది.

"మేడమ్, ఆ రోజు రేస్ పెంచింది నేను," అన్నాడు, గుమ్మంలోనే నిలబడి.

ఆమె తల ఎత్తలేదు. "తెలుసు ఓబుళేసూ. నువ్వు గీసిన గీతల్లోనే ఉంది. మొదటి గీత నాడే ముల్లు ఉండాల్సినదానికన్నా పైనుంది."

"మరి పోలీసులకు చెప్పలేదే!"

ఆమె లేచి బెంచీ తుడిచి, కూర్చోమంది. అతను కూర్చోలేదు.

"పెట్టె పట్టు అందుకునేటప్పుడు లైట్లు మసకబారతాయి, అప్పుడు రేస్ తగ్గించాలని నీకు చెప్పాలనే ఆ సాయంత్రం గుట్ట దిగాను," అంది. "సగం దూరం వచ్చాను. నువ్వు ఇంజను తుడుస్తున్నావు. జనరేటర్ నడిపేవాడికి ఇదంతా ఏం చెప్పేది, ఏం అర్థమవుతుంది, అనుకున్నాను. వెనక్కి పోయి మీ పాపకు చెప్పాను. నేను సైగ చేస్తాలే మేడమ్, మా నాయన ఇట్టే పట్టేస్తాడు, అనింది."

బయట గాలికి రేకు కొట్టుకుంటోంది.

"యాభై అడుగులు," అంది ఆమె. "ఇంకో యాభై అడుగులు దిగి ఉంటే సరిపోయేది. ఆ మాట ఏ కోర్టులో చెప్పమంటావు?"

ఓబుళేసు తిట్టాలనుకున్నాడు. ముప్పయ్యేళ్ళుగా చదువుకున్నవాళ్ళ మీద దాచుకున్న తిట్లన్నీ నాలుక చివరికి వచ్చాయి. తీరా నోరు తెరిస్తే వచ్చింది ఇదొక్కటే.

"ఆరో తరగతే మేడమ్ నేను. అయినా తగ్గించమంటే తెలుస్తాది నాకు."

ఆమె మొహం రెండు చేతుల్లో పెట్టుకుంది. అతను కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అట్టముక్క మీద గీతలు ఇద్దరూ కలిసే పెట్టారు.

*

ఇరవయ్యారో ఏట, వైశాఖంలో ఒక పొద్దున పది గంటలకు ముల్లు సున్నాను తాకింది.

అప్పటికి ఓబుళేసుకు అరవై తొమ్మిది. పళ్ళు సగం లేవు. తెల్లటి గడ్డం. కొత్త చొక్కా తొడుక్కుని, క్యారియర్ పట్టుకుని, తుప్పు పట్టిన జనరేటర్ పక్కన, ఆ రోజు నిలబడ్డచోటే నిలబడ్డాడు. కంచె తీసేశారు. డాక్టర్లు, పోలీసులు, టీవీ వాళ్ళు. దర్జీ లేడు, నాలుగేళ్ళయింది పోయి. బైనాక్యులర్ వాళ్ళావిడ మెడలో ఉంది. సత్యవేణి మేడమ్ చేతికర్ర రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకుంది.

చప్పుడేమీ కాలేదు. గోధుమరంగు మసక విడిపోయింది. ముందుగా చలిగాలి వచ్చింది, ఇరవయ్యారేళ్ళ కిందటి కార్తీకమాసపు చలి, దాని వెనక పొగవాసన. తర్వాత సగంలో ఆగిన పాట మిగతా సగం, చప్పట్లు. శనక్కాయ విత్తనం తిప్పేస్వామి నోట్లో పడింది. వాడు రెండు చేతులూ ఎత్తి గెలిచినట్టు కేక వేయబోయి, నెత్తిన సూర్యుణ్ణి చూసి ఆగిపోయాడు. వాళ్ళమ్మ బైనాక్యులర్ వదిలేసి పరిగెత్తలేక పరిగెత్తింది.

ఇందుమతికి అవేవీ తెలియలేదు. అది దిగువకే చూస్తోంది. అరచెయ్యి కిందికి అదిమింది, ఒకసారి, రెండుసార్లు. లేని ఇంజను మోతను మించి, గుట్టంతా మారుమోగేటట్టు అరిచింది.

"తగ్గించు నాయనా!"

ఓబుళేసు పరిగెత్తలేదు. నోరు తెరవలేదు. కుడిచెయ్యి మెల్లగా ఎత్తి, అరచెయ్యి చెవికి ఆనించాడు.

అందింది.

ఇందుమతి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వెలుతురు చూసింది, జనాన్ని చూసింది, తుప్పు పట్టిన జనరేటర్ ను చూసింది. దాని పక్కన ఎవరో ముసలాయన. చెవి మీద చెయ్యి పెట్టుకున్న ఆ తీరును చూసింది. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ గుట్ట దిగి వచ్చి, అతని మొహంలోకి వెతుకుతున్నట్టు చూసింది. దాని ఎడమ గుప్పిట్లో ఇంకా రెండు ఉడకబెట్టిన శనక్కాయలు ఉన్నాయి, వెచ్చగా.

"నాయనా?"

అతను తల ఊపాడు.

అతని చేతిలోని క్యారియర్ ను చూసింది. దాని మూత మీద గీసిన వాళ్ళమ్మ పేరును వేలితో తాకింది. అతని వెనక్కి, గుట్ట దారిలోకి, ఎవరో రొప్పుతూ వస్తున్నట్టు తొంగి చూసింది.

"అమ్మ..." అని మొదలుపెట్టింది.

ఓబుళేసు ఆగాడు. దాని మాట పూర్తయ్యేదాకా ఆగాడు.